పొద్దున చుట్టిన సున్నాలు

మూడో అంతస్తులో అతన్ని అసలు పేరుతో పిలిచేది హాజరు పట్టీ ఒక్కటే. మిగతా అందరికీ అతను బిళ్ళల బాబాయి. పెద్ద డాక్టరమ్మ అంత కోపిష్ఠి మనిషి కూడా కళ్ళద్దాలు తగిలించుకునే ముందు "బాబాయి వచ్చాడా?" అనే అడిగేది. వచ్చాడని తెలిస్తే ఆవిడ బిగించిన భుజాలు కాస్త కిందికి దిగేవి. ఆ దిగడం చూసి బాబాయి లోపల్లోపల పొంగిపోయేవాడు. పొంగడం తప్పని నేననను. ఎనిమిదేళ్ళు ఒక పనిని ఎవరూ వంక పెట్టకుండా చేసినవాడికి ఆమాత్రం ఉంటుంది. కాకపోతే పొయ్యి మీద పాలకైనా మనిషి పొంగుకైనా పక్కన ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. బాబాయి పక్కన ఎవరూ లేరు.

అతని పని ఇదీ. కాన్సర్ గడ్డ కోసి తీసే ముందురోజు సాయంత్రం, గడ్డ ఉన్న చోటు చుట్టూ రోగి ఒంటి మీద ఆరు బిళ్ళలు అంటించాలి. చొక్కా గుండీకి రెండింతలు ఉంటాయి, ఒక్కోదాని మీద నల్లగా ఒక అంకె. బిళ్ళలతోనే స్కాన్ తీస్తారు. కంప్యూటర్ గదిలో కూర్చునే బొమ్మలమ్మాయి ఆ స్కాన్ చూసి గడ్డకి ఎరుపు, రక్తనాళాలకి నీలం, నరానికి పసుపు వేసి బొమ్మ తయారు చేస్తుంది. మర్నాడు డాక్టరమ్మ పెట్టుకునే కళ్ళద్దాలు మామూలువి కావు. వాటిలోంచి చూస్తే ఆ బొమ్మ వచ్చి రోగి ఒంటి మీద పడుతుంది. లోపల ఏముందో చర్మం కొయ్యకముందే కనిపిస్తుంది. బొమ్మ ఎక్కడ పడాలో కళ్ళద్దాలకి చెప్పేవి ఆ ఆరు బిళ్ళలే. బిళ్ళ జరిగితే బొమ్మ జరుగుతుంది, బొమ్మ జరిగితే కత్తి జరుగుతుంది.

బాబాయి పంతొమ్మిదో ఏట ఆ ఆసుపత్రిలో స్ట్రెచర్ తొయ్యడానికి చేరాడు. తర్వాత ఎక్స్‌రే గదిలో రోగుల్ని కదలకుండా పడుకోబెట్టే పనిలో చెయ్యి తిరిగింది. నొప్పితో మెలికలు తిరిగేవాళ్ళని కూడా రెండు మాటలతో, ఒక దిండుతో సర్దేవాడు. కళ్ళద్దాలు వచ్చిన కొత్తలో డాక్టరమ్మ పదిమంది చేతులు చూసి, వణకని చెయ్యి ఇతనిదని ఏరుకుంది. ఆ ఎనిమిదేళ్ళలో అతను అంటించిన బిళ్ళ ఒక్కటీ ఊడలేదని ఆసుపత్రంతా చెప్పుకునేవాళ్ళు. ఇంట్లో భార్య మాత్రం చెప్పుకునేది కాదు. "మీ బిళ్ళలు ఊడవు, సంతోషం. గోడకి మీరు కొట్టిన మేకు కూడా ఒక వారం నిలబడితే నా తువ్వాలు ఆరేసుకుంటాను" అనేది.

ఆ పనికి ఒక నియమం ఉంది. బిళ్ళ అంటించగానే దాని చుట్టూ ఊదారంగు పెన్నుతో సున్నా చుట్టాలి. రాత్రి పొరపాటున బిళ్ళ ఊడినా సున్నా మిగులుతుంది, బిళ్ళని మళ్ళీ అందులోనే పెట్టొచ్చు. చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యే నియమం. అయితే ఆ సిరాకి ఒక గుణం ఉంది. ఒంటిని వదలదు, వదిలిందంటే దుప్పటిని పట్టుకుంటుంది. లాండ్రీ పెద్దాయన ఊదా మరకల దుప్పటి భుజాన వేసుకుని వార్డు సిస్టర్ మీదికి వచ్చేవాడు, సిస్టర్ బాబాయి మీదికి వచ్చేది. "చుట్టేది మీరు, తిట్లు తినేది మేమూనా?" అనేది. రోజూ ఇదే గొడవ. రెండేళ్ళు పడ్డాక బాబాయికి ఒక ఉపాయం తట్టింది. సున్నాలు సాయంత్రం కాకుండా పొద్దున, ఆపరేషన్ గదికి తీసుకెళ్ళే ముందు చుడితే? నియమమూ నిలబడుతుంది, దుప్పట్లూ శుభ్రంగా ఉంటాయి. కాగితంలో "సున్నాలు చుట్టబడినవి" అన్న గడి ఉంది కానీ ఎప్పుడు చుట్టారో రాసే గడి లేదు.

అప్పటినుంచీ బాబాయి పొద్దున్నే చుట్టేవాడు. దొంగలు పడ్డ ఆరు నెల్లకి కుక్కలు మొరిగినట్టుందని అతనికెప్పుడూ తోచలేదు. దొంగలు పడితే కదా అనుకున్నాడు. లాండ్రీ పెద్ద శాంతించాడు, సిస్టర్ టీ పంపించడం మొదలుపెట్టింది. ఆరేళ్ళు అలా హాయిగా గడిచిపోయాయి.

ఆ ఏడు వానలు మొదలయ్యే రోజుల్లో టైలరమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి, మెడలో ఎప్పుడూ కొలతల టేపు. ఆసుపత్రిలో చేరేటప్పుడు కూడా తియ్యడం మర్చిపోయింది. కుడి తొడ వెనకాల, కండల లోతున గడ్డ. గడ్డకీ, పాదాన్ని ఆడించే నరానికీ మధ్య గోరంత సందు ఉందని డాక్టరమ్మ చెప్పింది. టైలరమ్మ చావు గురించి అడగలేదు. "ఈ కాలుతోనేనండీ మిషను తొక్కేది. మడమ లేస్తుందా?" అని అడిగింది. మోటారు మిషను కొనుక్కోమని ఎవరో అంటే, మోటారు మాట గుడ్డ వినదని, కాలి మాటే వింటుందని చెప్పింది. డాక్టరమ్మ నవ్వి, "ఆ నరం కోసమే ఈ కళ్ళద్దాలు" అంది.

సాయంత్రం బాబాయి బిళ్ళలు అంటిస్తుంటే టైలరమ్మ మెడ తిప్పి చూసింది.

"టేపు పెట్టకుండానే ఎడం సరిగ్గా కుదిరిందే" అంది.

పనివాడు పనివాడిని మెచ్చుకుంటే ఆ రుచే వేరు. బాబాయి ముఖం విప్పారింది.

"గుర్తు గీసుకోరా మరి?" అంది ఆవిడ. "నేనైతే సుద్దగీత లేకుండా కత్తెర ముట్టుకోను."

"పొద్దున గీస్తానమ్మా."

"కోసే ముందా? సరే, మీ పద్ధతి మీది" అని ఊరుకుంది.

మర్నాడు పొద్దున బాబాయి ఊదా పెన్ను జేబులో పెట్టుకుని వెళ్ళేసరికి టైలరమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. చేతి రుమాలు విప్పి చూపించింది. అందులో రెండు బిళ్ళలు, నాలుగు, ఐదు.

"తొడ లోపలి వైపు ఒకటే దురద బాబాయి గారూ. నిద్రలో గోక్కున్నట్టున్నాను. లేచేసరికి పక్కలో ఉన్నాయి. పారేయకుండా దాచాను."

బాబాయి ఆవిడ కాలి మీదికి వంగాడు. చర్మం మీద చూశాడు. జిగురు మరక కూడా లేదు, అంతా గోళ్ళ గీతలు. ఆ క్షణంలో అతను చెయ్యాల్సిన పని ఒక్కటే. మెట్లు దిగి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, "రెండు ఊడాయి, సున్నాలు లేవు, నాదే తప్పు" అనాలి. నాలుగు బిళ్ళలతో పని నడుస్తుంది, లేదా మళ్ళీ స్కాన్ తీస్తారు. ఒక పూట ఆలస్యం, నాలుగు తిట్లు, అంతకు మించి ఏమీ లేదు. కానీ ఒక్క బిళ్ళ కూడా ఊడనివాడన్న పేరు మెట్లు దిగనివ్వలేదు.

"ఏం ఫర్వాలేదమ్మా" అని అతను కొత్త జిగురు రాసి, కంటి కొలతతో నాలుగోది పెట్టాడు, ఐదోది పెట్టాడు.

టైలరమ్మ వంగి చూసింది. "ఇంకో వేలు మందం వెనక వైపు ఉండేవేమో" అంది.

"నాకు తెలుసమ్మా. ఇది ఎనిమిదేళ్ళ నుంచీ చేస్తున్న పని."

అని పెన్ను తీసి ఆరు బిళ్ళల చుట్టూ ఆరు సున్నాలు చుట్టాడు. ఆ రెండింటి చుట్టూ మిగతా వాటికంటే కాస్త గట్టిగానే చుట్టాడు. కాగితంలో గడికి టిక్కు పెట్టాడు.

ఆపరేషన్ గదిలో కత్తి పెట్టే ముందు అందరూ ఒక నిమిషం ఆగి ఎవరి పని వాళ్ళు చెప్పాలి. టైలరమ్మ బోర్లా పడుకుని మత్తులో ఉంది. మత్తు డాక్టరు తనది చెప్పాడు, సిస్టర్ తనది చెప్పింది. బాబాయి వంతు వచ్చింది.

"బిళ్ళలు ఆరు, సున్నాలు ఆరు. అన్నీ చోట్లోనే ఉన్నాయి మేడమ్."

బొమ్మలమ్మాయి తెర చూసి, "నాలుగు, ఐదు కాస్త తేడా చూపిస్తున్నాయి. హద్దు దాటలేదు కానీ అంచులో ఉంది" అంది.

డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. "బాబాయ్?"

"పడుకున్న తీరుకి చర్మం సాగి ఉంటుంది మేడమ్."

ఆవిడ భుజాలు కిందికి దిగాయి. రోజూ చూసి పొంగిపోయే ఆ దిగడం ఆవేళ చూడలేక బాబాయి తల తిప్పుకున్నాడు. తిప్పుకుంటే ఎదురుగా తెర. కళ్ళద్దాల్లో ఆవిడకి కనిపించేదంతా ఆ తెర మీద కనిపిస్తుంది. ఎర్ర ముద్ద, దాని పక్కనే పసుపు దారం. కత్తి చర్మం మీద జేనెడు గీత గీసింది. కొవ్వు తెరుచుకుంది, కండ మీది పొర కనిపించింది. పసుపు దారం కత్తికి ఎడంగానే ఉంది. బాబాయి చెవుల్లో మాత్రం 'ఇంకో వేలు మందం' అని వినిపిస్తూనే ఉంది. వేలు మందం జరిగితే ఆ దారం ఎక్కడ పడుతుంది? అతను మనసులో జరిపి చూశాడు. సరిగ్గా కత్తి కిందే పడింది.

"మేడమ్, ఆగండి."

ఆ గదిలో అతను ఆ మాట అనడం అదే మొదలు. కత్తి ఆగింది.

"నాలుగూ ఐదూ చోట్లో లేవు."

"ఇప్పుడే కదా ఉన్నాయన్నావు?"

చెప్పెయ్యాలనే నోరు తెరిచాడు, అది నేను నమ్ముతాను. కానీ భయపడ్డవాడి నాలుక ఇంటి దారి పట్టదు. "రాత్రి పేషెంట్ గోక్కుంటే ఊడాయట మేడమ్. తనే మళ్ళీ అంటించుకుందట. సున్నాలు కూడా చెరిగిపోయి ఉంటే నేను పొద్దున మళ్ళీ చుట్టాను. ఇప్పుడే అనుమానం వచ్చింది" అన్నాడు. పాము చావాలి, కర్ర విరగకూడదు. ఆ కర్ర విరగకుండా ఉండటానికి, ఒళ్ళు తెలియకుండా బోర్లా పడుకున్న మనిషి వీపు మీద మోపాడు.

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీయించుకుంది. ఆ రెండు బిళ్ళల్నీ లెక్కలోంచి తీసేయమంది. బొమ్మలమ్మాయి మీటలు నొక్కగానే తెర మీద పసుపు దారం కదిలి, వేలు మందం పక్కకి వచ్చి, తెరిచి ఉన్న కోత కింద పడుకుంది. కోతని వంచి, పక్కకి పొడిగించి, రెండు గంటలు ఎక్కువ పట్టి గడ్డ తీశారు. నరం దక్కింది.

చేతులు కడుక్కుంటూ డాక్టరమ్మ అందరూ వింటుండగా అంది: "మధ్యలో ఆపమని చెప్పడానికి గుండె కావాలి. బాబాయి కాబట్టి చెప్పాడు."

తిట్టి ఉంటే ఇంటికి వెళ్ళి అన్నం తినేవాడు. ఆ మెప్పు గొంతులో ముల్లులా అడ్డం పడింది. భార్య రెండుసార్లు కంచం ముందుకి జరిపి, "బిళ్ళేమైనా మింగారా?" అని అడిగి, ముఖం చూసి కంచం తీసేసింది.

రెండో రోజు రౌండ్స్‌లో బాబాయి కూడా వెనకాల నిలబడ్డాడు. డాక్టరమ్మ కట్టు చూసి, టైలరమ్మని పాదం ఆడించమని చెప్పి, అది ఆడగానే తృప్తిగా తలూపింది. తర్వాత మెత్తగానే అంది: "ఈసారి మా బిళ్ళ ఏదైనా ఊడితే మీరు అంటించుకోకండమ్మా. మమ్మల్ని పిలవండి. పెద్ద ప్రమాదం తప్పింది."

టైలరమ్మకి మొదట అర్థం కాలేదు. డాక్టరమ్మ ముఖం చూసింది, కాగితాలు పట్టుకున్న సిస్టర్ని చూసింది, ఆ తర్వాత చూపు మెల్లగా వచ్చి బాబాయి మీద ఆగింది. బాబాయి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"అలాగేనండీ. తప్పయిపోయింది" అంది టైలరమ్మ.

అతనికి తల కొట్టేసినట్టయింది. ఆ పూటంతా మందుల గదిలో డబ్బాలు అటూ ఇటూ సర్దుతూ గడిపాడు. ఆవిడ తనని కాపాడిందని అనుకున్నాడు. మహాతల్లి, నా ఉద్యోగం పోతుందని నింద తన మీద వేసుకుంది అనుకున్నాడు. సిగ్గుపడుతూనే ఆ ఆలోచనని వెచ్చటి దుప్పటిలా కప్పుకున్నాడు కూడా. ఎవరైనా మనల్ని క్షమించారనుకుంటే మనం చెయ్యాల్సిన పని రేపటికి వాయిదా వెయ్యొచ్చు. రేపు చెబుదామనుకున్నాడు, ఎల్లుండి చెబుదామనుకున్నాడు.

ఈలోగా అబద్ధం కాళ్ళు తెచ్చుకుని నడవడం మొదలుపెట్టింది. వార్డు గోడ మీద కొత్త కాగితం అంటించారు. బిళ్ళలు అంటించిన రోగులు రాత్రిపూట రెండు చేతులకీ గుడ్డ సంచులు తొడుక్కుని పడుకోవాలి, వాటికి మణికట్టు దగ్గర నాడా ముడి వెయ్యాలి. ఆ ముడి వేసే పని ఎవరికి పడాలి? బిళ్ళలు అంటించేవాడికే పడింది. మొదటి రాత్రికి దిండు గలీబులు చింపి సంచులు చేశారు. పళ్ళు లేని ఒక ముసలావిడ చేతులు ముందుకు చాపి, ముడి వేయించుకుంటూ, "దొంగని కట్టినట్టు కడుతున్నావు. నేనేం చేశాను నాయనా?" అని అడిగింది. ముక్కు మీద దురద పుడితే ఎలాగని కూడా అడిగింది. బాబాయి ఆవిడ ముక్కు తనే గోకి, దుప్పటి కప్పి వచ్చేశాడు. అలా ఎనిమిదిమందికి కట్టాడు. సున్నాలు మాత్రం ఆ రోజు నుంచీ సాయంత్రమే చుడుతున్నాడు. లాండ్రీ పెద్ద మళ్ళీ అరవడం మొదలుపెట్టాడు.

పదిహేనో రోజున టైలరమ్మ కుట్లు తీయించుకోవడానికి వచ్చింది. కట్లు మార్చే గదిలోంచి బయటికి వచ్చి, వరండాలో బల్ల మీద కూర్చుని, బాబాయిని పిలిచింది. పక్కన గుడ్డ సంచీ ఉంది.

"వార్డు సిస్టర్ అడిగింది బాబాయి గారూ. పన్నెండు జతలు కుట్టి తెచ్చాను. గలీబు గుడ్డ కంటే ఇది నయం, గాలి ఆడుతుంది" అని ఒక్కొక్క జతా తీసి బల్ల మీద పెట్టింది.

తను చెయ్యని తప్పుకి ఆవిడే సంచులు కుట్టుకొచ్చింది. బాబాయికి వాటిని ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

"ఇది వేరే" అని ఆవిడ పదమూడో జత తీసింది. అవి పెద్దవి. అంచుకి రెండు వరసల కుట్టు, మందపాటి నాడా. "ఇవి మీ కొలత."

"నా కొలతా? ఎప్పుడు తీశారు?" అన్నాడు వెర్రిబాగులవాడిలా.

"ఆవేళ పొద్దున నా కాలి మీద బిళ్ళ పెడుతున్నప్పుడు మీ చేతులే చూస్తున్నాను కదా. కంటి కొలతే. నాది తప్పదు."

వరండాలో మనుషులు వస్తున్నారు, పోతున్నారు. బాబాయి ఆ జతని చేతిలోకి తీసుకున్నాడు.

"మరి డాక్టరమ్మ అన్నప్పుడే మీరెందుకు చెప్పలేదమ్మా?"

"మీ మీద జాలిపడ్డాననుకున్నారా?" ఆవిడ గొంతు పెంచలేదు. "నేను పడుకుని ఉన్నాను. మీరంతా నిలబడి ఉన్నారు. కాలికి ఇరవై ఆరు కుట్లు. కట్టు మార్చేది మీరు, నొప్పంటే సూది వేసేది మీరు, కుట్లు తీసేది మీరు. అప్పుడు నేను నోరు తెరిచి, మీ మనిషి అబద్ధం ఆడాడని అంటానా? భయపడ్డాను బాబాయి గారూ. కుట్లు తీసేదాకా ఊరుకుందామనుకున్నాను. ఇప్పుడు తీసేశారు."

పదిహేను రోజులుగా కప్పుకున్న దుప్పటిని ఎవరో ఒక్క లాగుతో లాగేసినట్టయింది. క్షమించిన మనిషి ఎదురుగా లేదు. తనని చూసి భయపడ్డ మనిషి ఉంది. ఆసుపత్రిలో చేరిన ఇరవై తొమ్మిదేళ్ళలో అతన్ని చూసి ధైర్యం తెచ్చుకున్న రోగులే కానీ భయపడ్డవాళ్ళు లేరనుకున్నాడు.

"డాక్టరమ్మ గదికి మీరు వెళ్తారా, నేను వెళ్ళనా?" అంది టైలరమ్మ.

"నేనే వెళ్తాను."

"సరే. నేను ఇక్కడే కూర్చుంటాను" అని ఆవిడ ఆ గది తలుపు కనిపించేలా జరిగి కూర్చుంది.

బాబాయి ఆ జత పట్టుకుని లోపలికి వెళ్ళి, బల్ల మీద పెట్టి, దుప్పటి మరకల దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు. టైలరమ్మ సరైన చోటు చూపిస్తే తను విననిది కూడా చెప్పాడు. డాక్టరమ్మ అరుస్తుందని చూశాడు. ఆవిడ అరవలేదు. కళ్ళజోడు తీసి, సంచుల నాడా వేలికి చుట్టుకుంది.

"ఎన్నేళ్ళ నుంచీ పొద్దున చుడుతున్నావు?"

"ఆరేళ్ళు మేడమ్. కానీ అంతకుముందెప్పుడూ ఒక్కటి కూడా ఊడలేదు."

"నీకెలా తెలుసు?"

బాబాయికి ప్రశ్న అర్థం కాలేదు.

"పేషెంటే అంటించుకుందని నాకు చెప్పావు కదా. ఆవిడ ఆ పని చెయ్యలేదు. ఈ ఆరేళ్ళలో రాత్రి ఊడితే, మనం తిడతామని భయపడి, నిజంగానే అంటించుకున్నవాళ్ళు ఉంటే? పొద్దున నువ్వెళ్ళి దాని చుట్టూ సున్నా చుట్టి ఉంటే? నీకెలా తెలుస్తుంది? నాకెలా తెలుస్తుంది?"

అతని కళ్ళ ముందు వరసగా మంచాలు కనిపించాయి. ఎన్నో తెలియదు. కాలు ఈడుస్తూ వెళ్ళినవాళ్ళు, గడ్డ మళ్ళీ వచ్చిందని తిరిగొచ్చినవాళ్ళు, తిరిగిరానివాళ్ళు. ఆ జబ్బుకి అలా అవుతుందని అందరూ అనుకున్నారు, అతనూ అనుకున్నాడు. వాళ్ళలో ఎవరి బిళ్ళ జరిగిందో చెప్పే సున్నా ఎక్కడా లేదు.

"రేపటి నుంచి బిళ్ళలు ముట్టుకోకు. స్ట్రెచర్ల దగ్గరికి వెళ్ళు" అంది డాక్టరమ్మ. "గోడ మీద ఆ కాగితం కూడా చింపెయ్."

బయటికి వచ్చేసరికి టైలరమ్మ బల్ల మీదే ఉంది. అతని ముఖం ఒకసారి చూసింది. ఏమైందని అడగలేదు, మంచిపని చేశారనీ అనలేదు. మెడలో టేపు సర్దుకుని, ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని మెట్ల వైపు నడిచింది. కుడి మడమ ప్రతి అడుగుకీ లేస్తోంది. ఆవిడ మలుపు తిరిగేదాకా బాబాయి ఆ మడమనే చూస్తూ నిలబడి, తర్వాత కాగితం చింపడానికి వార్డులోకి వెళ్ళాడు.